ముందుగా చెల్లించిన స్తోత్రం

చందమామ మళ్ళీ ఎగిరిపోయింది. మీట నొక్కగానే భూమి పక్కనుంచి బయల్దేరింది, పావు చుట్టు బుద్ధిగా తిరిగింది, ఆ తర్వాత ఎవరో తరుముతున్నట్టు తెర కుడి మూలనుంచి బయటికి పోయింది. జెరూషా దాన్ని వెనక్కి తెచ్చి మళ్ళీ వదిలింది. మళ్ళీ పోయింది. సోమవారం పొద్దున్నుంచీ ఆ అమ్మాయి చేస్తున్న పని ఇదే.

చిన్నపిల్లల కోసం తయారవుతున్న ఆట అది. తెర మధ్యలో గుమ్మడికాయంత ఆకుపచ్చ భూమి, దాని మీద నిలబడి రాళ్ళు విసిరే ఒక పిల్ల బొమ్మ, చుట్టూ తిరిగే చందమామ. రాయి తగిలితే చందమామ దారి వంకర కావాలి, గట్టిగా తగిలితే ఊగిపోవాలి, అయినా తిరగడం మానకూడదు. కనిపించని గుంజకి కట్టేసి గానుగెద్దులా తిప్పడం అరగంట పని, కానీ అలా కట్టేసినదానికి రాయి తగిలినా చీమ కుట్టినట్టయినా ఉండదు. అందుకని నిజం చందమామ ఎలా తిరుగుతుందో ఇదీ అలాగే తిరగాలి. భూమి దాన్ని లాగుతూ ఉండాలి, అది పక్కకి పోతూ ఉండాలి, రెండూ ఒకదానికొకటి సరిపోవాలి. లాగుడు ఎక్కువైతే వచ్చి నెత్తిన పడుతుంది. పోకడ ఎక్కువైతే ఇదిగో, ఇలా పోతుంది.

"ఏటి, మళ్ళీ పోయిందేటి?"

వెనక నిలబడి అడిగింది టీము లీడు సురేష్ బాబు. హైదరాబాదు నుంచి ఈ బెంగాలీ ఊరికి వచ్చి ఏడాదిగా సెక్టర్ ఫైవ్‌లోని ఈ చిన్న ఆఫీసులో పని చేస్తున్నాడు. ఆ 'ఏటి' అతడిది కాదు, జెరూషాది. ఏక్‌బాల్‌పూర్ పోర్టు క్వార్టర్సులో పుట్టి పెరిగిన పిల్ల. ముత్తాతల నాడు శ్రీకాకుళం వైపునుంచి రేవు పనికి వచ్చినవాళ్ళు మూటలో కట్టుకొచ్చిన తెలుగే వాళ్ళింట్లో ఇప్పటికీ నడుస్తోంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నోరు జారి ఒకసారి 'ఏటి సార్' అంది. అప్పట్నుంచీ అతడికి అదో సరదా.

అతడితో ఇంకో తమాషా ఉంది. మెచ్చుకోలు తెలుగులో చేస్తాడు, చెవి దగ్గరికొచ్చి. తప్పు మాత్రం ఇంగ్లీషులో పడతాడు, గది మొత్తానికీ వినబడేలా. అందువల్ల జెరూషా ఎంత బాగా పని చేస్తోందో ఆమెకీ అతడికీ తప్ప ఆఫీసులో మూడో మనిషికి తెలియదు.

"శుక్రవారం క్లయింటుకి చూపించాలి," అన్నాడు. "నీ ఉద్యోగం పర్మనెంటు చేసేదీ లేనిదీ అది చూశాకే అన్నాడు దత్తాదా. జాగ్రత్త మరి."

దత్తాదా కంపెనీ యజమాని. మంచివాడే. కాకపోతే ఎవరెవరు ఏం చేస్తున్నారో అతడికి సురేష్ బాబు చెబితేనే తెలుస్తుంది. అదీ చిక్కు.

అంతలో బల్ల మీద ఫోను మోగింది. అమ్మ.

"ఏటే, మీ సారు కోడి తింటాడా, సేప తింటాడా? కనుక్కో," అంది పుష్పరాణి, హలో అయినా అనకుండా.

జెరూషా కళ్ళు మూసుకుంది. చందమామ పోయిందంటే దాని లెక్క వేరు. ఇది ఏ లెక్కకీ అందేది కాదు. నిన్న గుడిలో ఆదివారం ఆరాధన ప్రకటనల వేళ పుష్పరాణి లేచి నిలబడి, తమ అమ్మాయి ఉద్యోగం పర్మనెంటు అయిన సందర్భంగా శనివారం సాయంత్రం ఇంట్లో కృతజ్ఞతా కూడిక ఉంటుందనీ, తెలుగు సంఘం వాళ్ళందరూ భోజనానికి రావాలనీ చెప్పింది. పక్కన కూర్చున్న జెరూషా ఆమె చీర కొంగు పట్టుకుని లాగుతూనే ఉంది. పుష్పరాణి కొంగు విడిపించుకుని మరీ చెప్పింది. ఆమె దృష్టిలో అడిగి తీసుకోవడం బిచ్చం. ముందుగా స్తోత్రం చెల్లించి తీసుకోవడం విశ్వాసం.

అక్కడితో ఆగినా బాగుండేది. కూతురి ఫోనులోంచి నంబరు తీసుకుని సురేష్ బాబుని కూడా పిలిచేసింది. పప్పన్నం తిని నెలలైందని అతడు వస్తానన్నాడు.

*

పెద్ద గదిలో మంచం పక్కనే పుష్పరాణి గోనె పరుచుకుని కూర్చుంటుంది. మెటియాబ్రుజ్ దర్జీ కార్ఖానా నుంచి వచ్చే పిల్లల గౌన్లకి హుక్కులు కుట్టడం ఆమె పని. గౌను తిరగేసి, వీపు దగ్గర పట్టీని బొటనవేలితో నొక్కిపెట్టి, హుక్కు కన్నంలోంచి సూది మూడు పోట్లు పోనిచ్చి, దారాన్ని పళ్ళతో తెంపుతుంది. కళ్ళు గౌను మీదుండవు. టీవీ మీదో, ఎదుటి మనిషి మీదో ఉంటాయి. హుక్కు ఏనాడూ వంకర పోలేదు.

మంగళవారం సాయంత్రం ఇల్లు చేరేసరికి జెరూషాకి ఆ గోనె మీద గౌన్ల మధ్య ఎర్రటి మెరుపేదో కనబడింది. జరీ అంచు శాలువా.

"ఇదేటమ్మా?"

"మీ సారుకి కప్పడానికి. మెటియాబ్రుజ్ సంతలో దొరికింది. బాగుందా?"

"ఉద్యోగం ఇంకా రాలేదమ్మా."

"వొస్తాది."

"రాకపోతే?"

"ఇస్వాసం లేని మాటలాడకు. ఆ కాళ్ళు కడుక్కుని రా, టీ పెడతాను."

జెరూషా తండ్రి వంక చూసింది. జ్ఞానానందం పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరు. స్టూలు మీద కూర్చుని గోళ్ళలో ఇరుక్కున్న గ్రీజుని అగ్గిపుల్లతో తీసుకుంటున్నాడు.

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారంట," అన్నాడు, తల ఎత్తకుండానే.

"సోమలింగాలు మనకెందుకు?" అంది పుష్పరాణి. "నీకు పోర్టులో ప్రమోషనొచ్చినప్పుడు ముందుగా స్తోత్రం సెల్లించింది ఎవరు?"

"అప్పుడు ఆర్డరు సేతికొచ్చింది."

"రాకముందే సెల్లించేను. నీకు సెప్పలేదు."

జ్ఞానానందం మళ్ళీ గోళ్ళ పనిలో పడ్డాడు. ఈ ఇంట్లో పుష్పరాణితో వాదించి గెలిచినవాళ్ళు లేరు. పైగా వాదన మొదలుపెట్టారన్న నిష్ఠూరం కూడా మోయాలి.

టీ తాగుతూ జెరూషా ల్యాపుటాపు తెరిచింది. విసుగు ఒక చోట నిలవదు కదా, అమ్మ మీద పుట్టింది చందమామ మీదికి పాకింది. ఎందుకు పోతున్నావే నువ్వు? తను రాసినదంతా మొదటినుంచీ పెదవులు కదుపుతూ చదువుకుంది. భూమి వైపు లాగుడు, సరే. దూరాన్ని బట్టి లాగుడు తగ్గడం, సరే. పక్కకి తోపు. అక్కడ వేలు ఆగింది. ఆ తోపుని తను లెక్క నడిచే ప్రతి లిప్తలోనూ ఇస్తోంది. ఊయల్లో పిల్లని ఒకసారి తోసి ఊరుకోవాలి. ఆగకుండా తోస్తే పిల్ల గోడ దాటి పోదూ?

ఒక్కసారే, మొదట్లోనే తోయాలి. ఆ తర్వాత లాగడమే.

"నవ్వుతున్నావేటే?" అంది పుష్పరాణి, దారం తెంపుతూ.

"ఏటీ లేదు."

*

బుధవారం చందమామ తిరిగింది. జెరూషా దాన్ని వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒక చుట్టు, రెండు చుట్లు, ఆ తర్వాత లెక్క పెట్టడం మానేసింది. భోజనానికి వెళ్తూ తెర ఆపలేదు. కింద బండి దగ్గర ఘుగ్నీ బఠాణీలు తిని, చెయ్యి కడుక్కుని, పైకి వచ్చి చూసింది. తిరుగుతూనే ఉంది. రాయి విసిరింది. చందమామ ఉలిక్కిపడినట్టు కొంచెం పక్కకి జరిగి, కోడిగుడ్డు ఆకారంలో కొత్త దారి పట్టింది. పడలేదు, పోలేదు.

ఎవరికైనా చూపించాలనిపించింది. పక్క బల్ల ఖాళీగా ఉంది. సురేష్ బాబే వచ్చాడు, కాఫీ కప్పుతో. వంగి చాలాసేపు చూశాడు.

"అబ్బా, భలే చేశావు జెరూషా," అన్నాడు మెల్లగా. "నా వల్ల కూడా ఇంత తొందరగా అయ్యేది కాదు."

తెలుగులోనే అన్నాడు, చెవి దగ్గరే అన్నాడు. అయినా ఆ పిల్లకి సంతోషం ఆగలేదు. ఆ పూట మెట్రోలో నిలబడి ప్రయాణం చేస్తూ కిటికీ అద్దంలో తన మొహం తనే చూసుకుంది. అమ్మకి ఫోన్ చేసి, మా సారు కోడి తింటాడు అని చెప్పింది.

గురువారం సురేష్ బాబు వేరే గొడవలో పడ్డాడు. పిల్ల బొమ్మ విసిరిన రాయి చందమామకి తగలకుండా కింద పడితే భూమి చుట్టూ దొర్లుతూనే ఉంటోంది, ఆగడం లేదు. దొర్లే రాళ్ళు ఎక్కువై భూమంతా గోలీలాట అయిపోయింది. సాయంత్రం జెరూషా బ్యాగు సర్దుకుంటుంటే అతడింకా ఆ రాళ్ళతోనే కుస్తీ పడుతున్నాడు. ఉండనా సార్ అని అడిగింది. అక్కర్లేదు, నీ పని అయిపోయింది కదా, వెళ్ళు అన్నాడు. వెళ్ళింది.

*

శుక్రవారం చిన్న గదిలో అందరూ కూర్చున్నారు. గోడ మీది పెద్ద తెరలో ఒక మూల క్లయింటు తరపు ఆవిడ మొహం, మిగతా అంతా ఆట. దత్తాదా కుర్చీ వెనక్కి తిప్పి, దాని వీపు మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. సురేష్ బాబు మొదలుపెట్టాడు. రాళ్ళు ఆగకపోవడం పెద్ద సమస్యగా ఉండేదనీ, నిన్న తనే స్వయంగా కూర్చుని సరిచేశాననీ ఇంగ్లీషులో చెప్పి ఒక రాయి విసిరాడు. అది నాలుగు దొర్లులు దొర్లి మర్యాదగా ఆగింది. ఆవిడ బాగుందంది.

తర్వాత చందమామని వదిలాడు. మొదటి చుట్టు బాగానే తిరిగింది. రెండో చుట్టులో జెరూషాకి ఏదో తేడాగా అనిపించింది. మూడో చుట్టులో తేడా అందరికీ కనబడింది. చందమామ చుట్టు చుట్టుకీ దగ్గరికి జరుగుతోంది, దగ్గరైనకొద్దీ వడి పెంచుకుంటోంది. చివరికి వచ్చి పిల్ల బొమ్మ నెత్తి మీద పడింది. బొమ్మ కింద పడి కాళ్ళు కొట్టుకుంది.

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇది ఇలా పడాలనే పెట్టారా అని ఆవిడ అడిగింది.

"లేదు," అన్నాడు సురేష్ బాబు ఇంగ్లీషులో, గది మొత్తానికీ వినబడేలా. "కక్ష్య లెక్క జెరూషా చేసింది. ఆమె లెక్క ఇంకా పచ్చిగానే ఉంది. నేర్చుకుంటోంది. మేం సరిచేస్తాం."

జెరూషా నోరు తెరిచింది. ఏమని చెప్పాలి? మొన్న తిరిగిందని చెబితే ఇవాళ పడిందిగా అంటారు. చెంపలు వేడెక్కాయి. బల్ల కింద రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

ఆవిడ సెలవు తీసుకున్నాక దత్తాదా లేచాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "సురేష్, రేపో ఎల్లుండో నాకో మెయిలు రాసెయ్. ఈ అమ్మాయిని ఉంచుకోవాలా వద్దా అని. సోమవారం తేల్చేద్దాం." జెరూషా అక్కడే ఉందన్న సంగతి అతడు గమనించలేదో, గమనించినా ఫరవాలేదనుకున్నాడో.

మెట్రోలో ఆ అమ్మాయి లెక్కలన్నీ మొదటినుంచీ వేసింది. ధరమ్‌తలాలో దిగి బస్సులో కూర్చుని మళ్ళీ వేసింది. తప్పు లేదు. తప్పు దొరక్కపోవడం తప్పు దొరకడం కంటే ఘోరంగా ఉంది. ఇంటికెళ్ళి మొహమైనా కడుక్కోకుండా మంచం మీద ల్యాపుటాపు తెరిచింది. ఊరికే, కోపం పట్టలేక, భూమి మీద ఒక రాయి గిరాటేసింది. రాయి దొర్లింది. ఆగింది.

ఎందుకు ఆగింది?

బుధవారం ఆగేది కాదు. మధ్యలో ఏం పెట్టారు? రాళ్ళని ఆపాలంటే వాటికి అడ్డంగా గాలి ఉండాలి. ఆటలో ఆ గాలి ఒక అంకె. రాళ్ళకి మాత్రమే పెట్టొచ్చు. లేదా ఓపిక లేనివాళ్ళు లోకం మొత్తానికీ ఒకేసారి పెట్టొచ్చు. తీసి చూసింది. లోకం మొత్తానికీ పెట్టి ఉంది. భూమికీ, బొమ్మకీ, రాయికీ, చందమామకీ. పాపం చందమామ గాలిలో ఈదుకుంటూ, ప్రతి చుట్టుకీ కొంచెం కొంచెం బలం పోగొట్టుకుంటూ వచ్చి పడింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

అంకె సున్నా చేసింది. చందమామ తిరిగింది. మళ్ళీ పెట్టింది. పడింది. మళ్ళీ తీసింది. తిరిగింది.

వెంటనే సురేష్ బాబుకి వాట్సాప్‌లో పంపింది. సార్, గాలి అడ్డు లోకం అంతటికీ పెట్టినట్టున్నారు, చందమామ పడింది అందుకే, నా లెక్క సరైనదే, దత్తాదాకి చెబుతారా. పంపిన కాసేపటికి రెండు టిక్కులూ నీలం రంగుకి తిరిగాయి. జవాబు రాలేదు. అన్నం తిన్నాక చూసింది, రాలేదు. దత్తాదాకి తనే రాద్దామని మొదలుపెట్టి చెరిపేసింది. ఉంచాలో వద్దో తేల్చవలసిన పిల్ల, తేల్చే మనిషి మీద చాడీ రాస్తే ఎవరు నమ్ముతారు? రోషంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పుష్పరాణి గోనె మీదనుంచి చూస్తోందని అటు తిరిగి పడుకుంది.

*

"అమ్మా, కూడిక వొద్దు. ఆపెయ్యి."

శనివారం పొద్దున వంటింట్లో కోళ్ళు ముక్కలై పసుపులో ఉన్నాయి. గుడినుంచి కుర్చీలు వచ్చేశాయి. పుష్పరాణి అల్లం దంచుతోంది.

"దేవుడికిచ్చిన మాటే అది. హోటల్లో గదేటి, కేన్సిల్ సెయ్యడానికి?"

"ఉద్యోగం ఉంటాదో పోతాదో తెలీదు. నిన్న అందరి ముందూ నా పరువు పోయింది. తప్పు నాది కాదు. ఏటయిందంటే..."

"తరవాత సెబుదువు గాని. ఆ ఉల్లిపాయలు కొయ్యి. సన్నంగా."

"నా మాటొకసారి వినమ్మా."

"వింటాను. సాయంత్రం సాక్ష్యంలో సెప్పు, అందరం వింటాం. పొడుగ్గా కాదే, అడ్డంగా కొయ్యి."

జెరూషా ఉల్లిపాయలు కోసింది. ఏడవడానికి అంతకంటే మంచి సాకు ఆ ఇంట్లో దొరకదు. జ్ఞానానందం బిందె దించుతూ ఒక్కసారి కూతురి మొహం చూసి, కొత్తిమీర తేనా అని అడిగి బజారుకి వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి పెద్ద గది నిండిపోయింది. మంచం తీసి వసారాలో నిలబెట్టారు. ఆడవాళ్ళు చాప మీద, మగవాళ్ళు కుర్చీల్లో. తిరుగుతున్న ఫాను ఉక్కని ఇటునుంచి అటు తోస్తోంది. సురేష్ బాబు సందేశ్ మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చాడు. గుమ్మంలో జెరూషా ఎదురైతే ఆమె భుజం మీదుగా గోడ క్యాలెండరు చూస్తూ "బాగున్నావా" అన్నాడు. వాళ్ళమ్మ రెండుసార్లు ఫోన్ చేసి మరీ పిలిస్తే రాకుండా ఎలా ఉంటానని జ్ఞానానందంతో చెప్పాడు. అది నిజమే అయ్యుంటుంది. పుష్పరాణి పిలుపునుంచి తప్పించుకోవడం ఎవరి తరం?

పాట అయింది, ప్రార్థన అయింది. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో తెలియక సురేష్ బాబు ప్రతిసారీ అందరికంటే ఒక క్షణం ఆలస్యంగా లేచి, ఒక క్షణం ఆలస్యంగా కూర్చున్నాడు. సంఘం పాస్టరు ఇమ్మానుయేలు అయ్యగారు అతణ్ణి ముందుకి పిలిచి, మన బిడ్డకి స్థిరమైన ఉద్యోగం దయచేయడానికి దేవుడు వాడుకున్న పాత్ర ఈ సోదరుడు అని పరిచయం చేసి, ఎర్ర శాలువా కప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఉక్కలో జరీ శాలువా కింద సురేష్ బాబు మెడ తడిసి మెరిసింది. తియ్యవచ్చో లేదో తెలియక అలాగే కూర్చున్నాడు.

"ఇప్పుడు మన జెరూషా, దేవుడు తనకి చేసిన మేలు గురించి సాక్ష్యం చెబుతుంది," అన్నారు అయ్యగారు.

జెరూషా లేచింది. నా కోసం ప్రార్థన చేయండి అని ఒక్క ముక్క చెప్పి కూర్చుందామనుకుంది. పొద్దున్నుంచీ అదే అనుకుంటోంది. తీరా లేచాక ఎదురుగా ఆ శాలువా కనబడింది. అందులోంచి సురేష్ బాబు వంగి తన చెప్పులు ఎక్కడున్నాయో చూసుకుంటున్నాడు. వారం నుంచీ గొంతులో పేరుకున్నదంతా ఒక్కసారి పైకి వచ్చింది.

"అందరికీ వొందనాలు. నా ఉద్యోగం పర్మనెంటయిందని అమ్మ సెప్పింది. అవలేదు."

"స్తోత్రం," అంది ముందు వరసలో రేబెకా ఆంటీ. ఎవరు సాక్ష్యం చెప్పినా వాక్యానికొక స్తోత్రం చేర్చడం ఆవిడకి ఊపిరి పీల్చడం లాంటిది. అన్నాక ఏం విందో గుర్తొచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పుష్పరాణి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నాకు ఆపీసులో ఒక పనిచ్చేరు. ఆటలో సందమామని భూమి సుట్టూ తిప్పాల. కట్టేసి తిప్పకూడదు. సందమామ నిజానికి ఎప్పుడూ పడిపోతూనే ఉంటాదంట. కానీ పడతా పడతా పక్కకి పోతాది, అందుకని భూమికి తగలదు. అలగ సెయ్యాల."

"స్తోత్రం," అంది రేబెకా ఆంటీ, ఈసారి ధైర్యంగా.

"నాను సేసేను. బుధవారం తిరిగింది. నాను అన్నం తినొచ్చినా తిరుగుతానే ఉంది. శుక్రవారం అందరి ముందూ పడిపోయింది. నా లెక్క తప్పన్నారు. నా లెక్క తప్పు కాదు. సందమామ ఉండే సోట గాలుండకూడదు. గాలుంటే అడ్డం కొడతాది, తిరిగే వొస్తువు నీరసపడి పడిపోతాది. మధ్యలో గాలెట్టేరు. నాకు సెప్పలేదు."

చందమామ సంగతి ఎంతమందికి తలకెక్కిందో తెలియదు గాని, చెప్పకుండా మధ్యలో ఎవరో ఏదో పెట్టారన్నది అందరికీ ఎక్కింది. పోర్టులో, కార్పొరేషనులో పని చేసేవాళ్ళు. ఒకరి చేతి పనికి ఇంకొకరు మాట పడటం వాళ్ళకి కొత్తేం కాదు.

"ఎవరెట్టేరే గాలి?" అంది పుష్పరాణి గుమ్మంలోంచి.

సాక్ష్యం మధ్యలో ప్రశ్నలు అడిగే ఆచారం లేదు. అయ్యగారు కళ్ళద్దాలు సర్దుకున్నారు.

"అది నాను సెప్పకూడదమ్మా. ఎట్టినోళ్ళు సెప్పాల," అని జెరూషా కూర్చుంది.

పరిస్థితి చక్కబెడదామని అయ్యగారు చప్పున లేచి, మన ముఖ్య అతిథి రెండు మాటలు చెబుతారు అన్నారు. ఆయన కావాలని చేయలేదు. కార్యక్రమంలో తర్వాతి అంశం అదే.

సురేష్ బాబు లేచాడు. శాలువా ఒక భుజం నుంచి జారింది, పైకి లాక్కున్నాడు. "అందరికీ నమస్కారం. జెరూషా చాలా కష్టపడే అమ్మాయి," అన్నాడు. రేబెకా ఆంటీ స్తోత్రం అంది. "మంచి భవిష్యత్తు ఉంది. చిన్న చిన్న పొరపాట్లు అందరికీ..." అని గుమ్మం వైపు చూశాడు. పుష్పరాణి గరిటె పట్టుకుని అలాగే నిలబడి ఉంది. ఆవిడ మొహంలో కోపం లేదు. అడిగినదానికి జవాబు వస్తుందని ఎదురుచూస్తున్న మొహం.

అతడు మాట మింగి, మొహం తుడుచుకున్నాడు.

"గాలి నేనే పెట్టానండీ. రాళ్ళు ఆగడం లేదని పెట్టాను. చందమామకి కూడా తగులుతుందని ఆ తొందరలో తట్టలేదు." శాలువా అంచు సర్దుకున్నాడు. "నిన్న సాయంత్రం ఈ అమ్మాయి మెసేజి పెడితే తెలిసింది."

ఈసారి స్తోత్రం ఎవరూ అనలేదు. రేబెకా ఆంటీ నోరు తెరిచి మూసుకుంది.

ఇంత విన్నాక మనసు చల్లబడాలి. జెరూషాకి చల్లబడలేదు, ఇంకా మండింది. ఇదీ తెలుగులోనే కదా. ఇదీ నాలుగు గోడల మధ్యే కదా.

"తెలుగులో మీరెప్పుడూ మంచోరే సార్," అంది, కూర్చున్న చోటునుంచే. "పచ్చి లెక్కని ఇంగిలీషులో అన్నారు కదా. ఇది కూడా దత్తాదాకి ఇంగిలీషులోనే సెప్పండి."

ఏక్‌బాల్‌పూర్ తెలుగుని అతడి ముందు దాచుకోకుండా మాట్లాడటం ఆమెకి ఇదే మొదటిసారి. అతడు నవ్వలేదు.

"రేపు మెయిలు రాయాలి కదా. అందులో రాస్తాను," అన్నాడు.

అయ్యగారు ముగింపు ప్రార్థన చేశారు. ఎప్పటికంటే చిన్నగా చేశారు.

*

చాపల మీద వరసగా విస్తళ్ళు పరిచారు. జ్ఞానానందం అన్నం వడ్డించుకుంటూ పోయాడు. వెనకే పుష్పరాణి కోడిపులుసు గిన్నెతో వచ్చింది. అతిథి అని సురేష్ బాబుని వరసలో మొదట కూర్చోబెట్టారు. అతడి పక్కన అయ్యగారు. ఎదుటి వరసలో జెరూషా.

పుష్పరాణి గరిటె నిండా ముక్కలు తీసి అతడి విస్తరి మీదికి తెచ్చింది. అక్కడ ఆపింది.

"మెయిలంటే ఫోన్లోంచి ఎల్తాదా బాబూ?"

"వెళ్తుంది ఆంటీ."

"అయితే పంపీసి తిను."

అతడు నవ్వాడు. ఆవిడా నవ్వింది. గరిటె మాత్రం వంగలేదు. పులుసు అంచునుంచి ఒక చుక్క జారి గిన్నెలో పడింది. పక్కన అయ్యగారి విస్తరిలో అన్నం ఒంటరిగా ఉంది. ఆ పక్కన రేబెకా ఆంటీది, ఆ పక్కన మిగతా అందరివీ. మొదటి విస్తరి దాటితే గాని రెండోదానికి పులుసు రాదు. అయ్యగారు విస్తరి అంచు సవరించుకుంటూ "పోన్లెద్దురూ, పంపేద్దురూ" అన్నారు.

సురేష్ బాబు శాలువా కింద చెయ్యి పెట్టి జేబులోంచి ఫోను తీశాడు. రెండు బొటనవేళ్ళతో టైపు చేశాడు. కొంత చెరిపాడు, మళ్ళీ కొట్టాడు. పుష్పరాణి గిన్నె కింద పెట్టి, గరిటె బరువుకి ఎడం చెయ్యి మోచేతి కింద ఆనించి నిలబడింది, కుట్టు కుదిరేదాకా పట్టీని నొక్కిపెట్టినట్టు.

జెరూషా ఒళ్ళో ఫోను సన్నగా అదిరింది. తీసింది. దత్తాదాకి వెళ్ళిన మెయిలు, కింద ఆమె పేరు కూడా చేర్చి ఉంది. ఇంగ్లీషులో మూడు వాక్యాలు. గురువారం గాలి అడ్డుని అన్నిటికీ పెట్టింది నేను. చందమామ అందువల్లే పడింది, జెరూషా లెక్కలో తప్పు లేదు. ఆమెని ఉంచుకోవాలి.

రెండోసారి చదివింది. మూడోసారి చదవబోతే అక్షరాలు అలుక్కుపోయాయి. ఇవాళ కోసిన ఉల్లిపాయల ఘాటు కళ్ళలో ఇంకా ఉందేమో.

"వొచ్చిందేటే?" అంది పుష్పరాణి, కూతురి వైపు తిరక్కుండానే.

"వొచ్చిందమ్మా."

గరిటె వంగింది. ముక్కలు విస్తట్లో పడ్డాయి. పుష్పరాణి ఇంకో గరిటె కూడా వేసింది, అడగకుండానే.

"ఆ సాలువా తీసి పక్కనెట్టు బాబూ," అంది, అయ్యగారి విస్తరి వైపు జరుగుతూ. "పులుసు పడతాది."